మోటారు సైకిలు కార్బ్యురేటరు: విప్పుట, శుభ్రపరచుట, సరిదిద్దుట

ఏ ఊరి మోటారు సైకిలు షాపులోనైనను ఈ దృశ్యము కనబడును. ఒకరు బండి నిలిపి, "స్లో నిలబడటం లేదు, కాస్త చూడు బాబూ" అని చెప్పి వెళ్ళుదురు. క్రొత్తగా పనిలో చేరిన కుర్రవాడు స్క్రూడ్రైవరు తీసికొని, కార్బ్యురేటరు ప్రక్కనున్న రెండు స్క్రూలను అటొకసారి, ఇటొకసారి త్రిప్పును. ఇంజను హోరున మ్రోగును, మరల ఆగిపోవును. అరగంటకు బండి ఎట్లో నడచును గాని, మొదట ఆ స్క్రూలు ఎచ్చట నుండెనో ఇప్పుడెవరికిని తెలియదు. మరునాడు ఆ బండి తిరిగి షాపునకే వచ్చును.

ఆ కుర్రవాని చేతిలో లోపము లేదు. తాను త్రిప్పుచున్న స్క్రూ ఏ పని చేయునో, ఏ పని చేయదో తెలియకపోవుటయే లోపము. కార్బ్యురేటరులో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పరిధి కలదు. ఎక్సిలేటరు ఏ మేరకు తెరచినప్పుడు బండి మొరాయించుచున్నదో గమనించినచో, తప్పు ఏ భాగములో నున్నదో విప్పకముందే చాలవరకు చెప్పవచ్చును. ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చుటతో, క్రొత్త మోటారు సైకిళ్ళలో చాలవరకు కార్బ్యురేటరు స్థానమును ఇంధన ఇంజెక్షను ఆక్రమించినది. అయినను అంతకుముందు తయారైన బండ్లు నేటికిని లక్షల సంఖ్యలో తిరుగుచున్నవి. వాటిని నడిపించు బాధ్యత మెకానిక్కులదే.

గాలి, పెట్రోలు పాలు

పెట్రోలు ద్రవరూపములో నున్నంతవరకు సిలిండరులో సరిగా మండదు. అది సన్నని తుంపరయై, ఆవిరియై, తగినంత గాలితో కలియవలెను. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 14.7 కిలోల గాలి కావలెను. లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పాతిక కిలో. దానికి 11 కిలోల గాలి, అనగా దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరమగును. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండుంబావు మీటర్ల ఎత్తు గల గదిలోని గాలి యంతయు ఒక్క లీటరు పెట్రోలుకు సరిపోవునన్నమాట! బండి నిదానముగా నున్నను, పరుగెత్తుచున్నను ఈ పాళ్ళు చెడకుండ చూచుటయే కార్బ్యురేటరు పని.

పెట్రోలు పాలు హెచ్చినచో దానిని చిక్కని మిశ్రమమనియు, తగ్గినచో పలుచని మిశ్రమమనియు అందము. షాపులలో వీటినే రిచ్చి, లీను అందురు. మిశ్రమము చిక్కనైనచో నల్లని పొగ వచ్చును, ప్లగ్గుకు మసి పట్టును, పెట్రోలు వృథా యగును. సిలిండరు గోడపై నుండవలసిన ఆయిలు కొట్టుకొనిపోయి రింగులు త్వరగా అరుగును. పలుచనైనచో అంతకంటె ప్రమాదము. బరువుతో, వేగముతో పోవునప్పుడు ఇంజను మితిమీరి వేడెక్కును. టూ స్ట్రోకు బండ్లలో ఆయిలు పెట్రోలుతోడనే కలసి వచ్చునట్టి వాటికి, పెట్రోలు తగ్గినచో ఆయిలు కూడ తగ్గును. అప్పుడు పిస్టను సిలిండరులో పట్టుకొనిపోవును; ఒక్కొక్కప్పుడు పిస్టను తల కరగి చిల్లిపడును. ఒక చిన్న జెట్టును తప్పుగా వేసినందుకు యజమాని ఇంజనునే పోగొట్టుకొనవచ్చును.

ఫ్లిట్టు పంపు చెప్పు పాఠము

దోమల మందు చల్లు ఫ్లిట్టు పంపును పలువురు చూచియుందురు. దాని పిడిని నెట్టినప్పుడు గాలి ఒక సన్నని గొట్టపు మొనమీదుగా వేగముగా పోవును. గాలి వేగము హెచ్చిన చోట పీడనము తగ్గును. అందుచే డబ్బాలోని మందు గొట్టమువెంట పైకి లేచి తుంపరయగును. ప్రవాహమునకు, పీడనమునకు గల ఈ సంబంధమును డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించెను. గొట్టము నడుమ ఇరుకైన చోట ప్రవాహము ఎట్లుండునో ఇటలీ దేశీయుడు వెంటూరి 1797లో వివరించెను. అట్టి ఇరుకు భాగమును నేటికిని వెంటూరి యనియే పిలుచుచున్నాము. 1893లో హంగరీ దేశమున డొనాట్ బాంకీ, యానోష్ చోంకా అను ఇంజనీర్లు పెట్రోలును తుంపరగా చేయు కార్బ్యురేటరుకు పేటెంటు కోరిరి. జర్మనీలో విల్‌హెల్మ్ మైబాక్ కూడ ఆ కాలముననే ఇట్టి సాధనమును రూపొందించెను.

మోటారు సైకిలులో పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలి కార్బ్యురేటరు గొంతుగుండ లోనికి పోవును. గొంతు క్రింద పెట్రోలు గిన్నె యుండును. గొంతులో పీడనము తగ్గగా, గిన్నెలోని పెట్రోలు జెట్టుల ద్వారా పైకి చిమ్మబడును.

భాగములు, వాటి పరిధులు

కార్బ్యురేటర్లలో పలు రకములున్నవి. ఇచ్చట చెప్పునది స్లైడు రకమును గూర్చి. 1927లో మూడు కంపెనీల కలయికతో ఏర్పడిన బ్రిటిషు కంపెనీ అమల్, జపాను కంపెనీ మికుని ఈ రకమును విస్తారముగ తయారుచేసినవి. మన బుల్లెట్టు బండ్లలో చిరకాలము వాడినది ఈ రకమే. కొన్ని బండ్లలో రబ్బరు పొర గల వాక్యూము రకముండును. దానిలో స్లైడును ఎత్తునది కేబులు కాదు, ఇంజను పీల్పు.

మొదట ఫ్లోటు గిన్నె. ఇంటి నీళ్ళ ట్యాంకులో బంతి పైకి తేలినప్పుడు కొళాయి మూసికొనునట్లే, ఇచ్చట ఫ్లోటు తేలినప్పుడు ఫ్లోటు పిన్ను పెట్రోలు దారిని మూయును. గిన్నెలో మట్టము హెచ్చినచో మిశ్రమము అన్ని వేగములలోను చిక్కనగును. తగ్గినచో అన్ని వేగములలోను పలుచనగును. కాన మట్టము సరిగా లేనిదే మిగిలిన సవరణలన్నియు వ్యర్థము.

తక్కిన నాలుగు భాగములు పరిధులను పంచుకొనును.

1. పైలట్ జెట్టు, గాలి స్క్రూ: ఎక్సిలేటరు పూర్తిగా మూసియున్నప్పటినుండి ఎనిమిదవ వంతు తెరచువరకు వీటిదే అధికారము. స్లో వీటిపై ఆధారపడును.

2. స్లైడు కోత: స్లైడు అడుగున ఏటవాలుగా ఒక కోత యుండును. ఎనిమిదవ వంతునుండి పావు వంతువరకు ఇది ముఖ్యము. కోత పెద్దదైనచో గాలి హెచ్చును, మిశ్రమము పలుచనగును.

3. సూది, సూది జెట్టు: స్లైడుకు వ్రేలాడు సన్నని సూది పావునుండి ముప్పావువరకు పాలించును. సూది క్రింది కొస సన్నబడియుండుటచే, అది పైకి లేచినకొలది చుట్టు సందు పెరిగి పెట్రోలు ఎక్కువగా వచ్చును. సూది తలపై కొన్ని గాళ్ళు, వాటిలో నొకదానిలో క్లిప్పు ఉండును. క్లిప్పును క్రింది గాడికి మార్చినచో సూది పైకి లేచి మిశ్రమము చిక్కబడును. పై గాడికి మార్చినచో పలుచబడును.

4. మెయిన్ జెట్టు: ముప్పావునుండి పూర్తిగా తెరచువరకు దీని పరిధి.

ఈ పరిధులకు నడుమ గోడలు లేవు. ఒకదాని పని కొంతవరకు ప్రక్కదానిలోనికి వ్యాపించును. అయినను ముఖ్యసూత్రము మారదు. స్లో చెడినదని మెయిన్ జెట్టు మార్చువాడును, పూర్తి వేగములో బండి లాగుటలేదని గాలి స్క్రూ త్రిప్పువాడును తలనొప్పికి కాలికి కట్టు కట్టిన వైద్యునివంటి వారు. మరియొక మాట. గమనింపవలసినది ఎక్సిలేటరు తెరపు. బండి వేగము కాదు, ఇంజను వేగమును కాదు. ఎత్తు ఎక్కుచున్నప్పుడు బండి నెమ్మదిగా పోవుచున్నను ఎక్సిలేటరు పూర్తిగా తెరచియుండవచ్చును. అప్పుడు పనిచేయునది మెయిన్ జెట్టే.

విప్పుటకు ముందు

కార్బ్యురేటరుపై మోపు నేరములలో అనేకము దానివి కావు. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినను, ప్లగ్గు చెడినను, టాపెట్ల సందు తప్పినను, ట్యాంకు మూతలోని గాలి రంధ్రము మూసికొనినను బండి మిస్సింగు కొట్టును. కార్బ్యురేటరుకు, ఇంజనుకు నడుమనున్న రబ్బరు గొట్టము పగిలినచో దొంగగాలి దూరి మిశ్రమము పలుచబడును. స్లో ఒకసారి హెచ్చుగా, ఒకసారి తక్కువగా ఊగిసలాడును. ఇంజను స్లోలో నుండగా ఆ అతుకుపై సబ్బునీరు కొద్దిగా వేసి చూడవలెను. శబ్దము మారినచో అచ్చట కంత యున్నదని గ్రహింపవచ్చును. వీటినన్నిటిని పరీక్షించిన పిమ్మటనే కార్బ్యురేటరుపై చేయి వేయవలెను.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పును అందుకొనగలదు. కాన ఈ పని గాలి ధారాళముగా వచ్చు చోట, ఇంజను చల్లారిన తరువాత చేయవలెను. దగ్గరలో బీడీగాని, స్టవ్వుగాని, వెల్డింగుగాని ఉండరాదు. ఒక బకెట్టెడు ఇసుక చెంత నుంచుకొనుట మేలు. పెట్రోలును గొట్టముతో నోట పీల్చుట ప్రాణాపాయకరము.

విప్పు క్రమము

పెట్రోలు ట్యాపు మూసి, గిన్నెలోని పెట్రోలును ఒక గాజుసీసాలోనికి దింపి, వెలుగులో చూడవలెను. అడుగున నీటిబొట్లుగాని, తుప్పుగాని కనబడినచో రోగము ట్యాంకులో నున్నదన్నమాట. ట్యాంకు కడుగక కార్బ్యురేటరు ఒక్కటే కడిగినచో వారమునకే మరల అదే స్థితి.

కార్బ్యురేటరు మూత విప్పి స్లైడును నిలువుగా పైకి తీయవలెను. సూది వంగకుండ దానిని శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్రక్కన కట్టవలెను. తరువాత కార్బ్యురేటరును ఇంజనునుండి వేరుచేసి, బయటి మట్టి కడిగిన పిమ్మట, తెల్లని పళ్ళెములో విప్పవలెను. చిన్న స్ప్రింగులు, వాషర్లు తెల్లని పళ్ళెములో తప్పిపోవు.

గాలి స్క్రూను తీయుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. దానిని మెల్లగా లోనికి త్రిప్పుచు, ఎన్ని చుట్లకు అడుగు తగిలెనో లెక్కించి కాగితముపై వ్రాయవలెను. ఉదాహరణకు, ఒకటిన్నర చుట్టు. అడుగు తగిలిన తరువాత బలవంతము చేయరాదు. చేసినచో స్క్రూ మొన, దాని పీట రెండును చెడును. ఈ ఒక్క అంకె వ్రాసికొనినచో, ఎంత పొరబడినను తిరిగి బయలుదేరిన చోటికి చేరవచ్చును. సూది క్లిప్పు ఏ గాడిలో నున్నదో, జెట్టులపై ఏ అంకెలున్నవో అవి కూడ వ్రాయవలెను.

జెట్టులు ఇత్తడివి, మెత్తనివి. గాడికి సరిగా అతుకు స్క్రూడ్రైవరునే వాడవలెను. ఫ్లోటు ఇరుసు కడ్డీని ఆనించు చిన్న స్తంభములు సులభముగా విరుగును. కడ్డీని సుత్తితో కొట్టక, మెల్లగా నెట్టవలెను.

శుభ్రపరచుట

మన ఇండ్లలో కిరోసిను పంపు స్టవ్వు మంట తగ్గినప్పుడు పిన్నుతో బొడుచుట అందరికి అలవాటే. ఆ అలవాటుతోడనే క్రొత్తవారు జెట్టులో ఇనుపతీగ దూర్చుదురు. ఇది పెద్ద పొరపాటు. స్టవ్వు పిన్ను ఆ రంధ్రమునకు కొలతగా చేసినది. చేతికందిన ఇనుపతీగ అట్టిది కాదు. జెట్టు రంధ్రము వ్యాసము 1.00 మిల్లీమీటరు అనుకొందము. తీగ రాపిడికి అది 1.05 ఐనచో, కంటికి తేడా కనబడదు. కాని రంధ్రపు వైశాల్యము వ్యాసపు వర్గమునుబట్టి పెరుగును గనుక, 100 ఉన్నది 110 దాటును. అనగా పెట్రోలు దారి పదవ వంతు పెరిగినది! జెట్టుపై అంకె మాత్రము పాతదే యుండి మనలను మోసగించును.

జెట్టులను క్లీనరు ద్రవములో కొంతసేపు నానబెట్టి, గాలి పంపుతో ఊది, వెలుగువైపు పెట్టి చూడవలెను. గుండ్రని, స్వచ్ఛమైన వెలుగు కనబడవలెను. అప్పటికిని మూసికొనియున్నచో క్రొత్త జెట్టు వేయుటయే చౌక. బాడీలోని సన్నని దారులన్నిటిని ఊది, గాలి ఆ చివర వచ్చుచున్నదో లేదో వ్రేలితో పరీక్షింపవలెను. రబ్బరు రింగులను ముందే తీసివేయవలెను. క్లీనరులో అవి ఉబ్బిపోవును. ఊదునప్పుడు కంటికి అద్దములు తప్పనిసరి.

తరువాత అరుగుదల చూడవలెను. ఫ్లోటు పిన్ను మొనపై వలయమువంటి గాడి పడినచో దానిని మార్చవలెను. గిన్నె పొంగిపొరలుటకు తరచు అదియే కారణము. ఫ్లోటును చెవివద్ద ఊపిచూడవలెను. లోపల చప్పుడైనచో పెట్రోలు చేరినట్లే. స్లైడు తన గొట్టములో వదులై కొట్టాడుచున్నచో అరిగినదన్నమాట. దానికి స్క్రూలతో వైద్యము లేదు. బాడీ అంచుపై ఉక్కు స్కేలు నిలిపి, సందున వెలుగు కనబడుచున్నదేమో చూడవలెను. నట్లను అతిగా బిగించుటచే అంచు వంగి దొంగగాలి దూరును.

తిరిగి బిగించుట

క్రొత్త గాస్కెట్లు, క్రొత్త రింగులు వేయవలెను. ఫ్లోటు ఎత్తును కంపెనీవారిచ్చిన కొలతకు సరిచూడవలెను. బాడీని ఏటవాలుగ పట్టి, ఫ్లోటు నాలుక పిన్నును తాకీ తాకనట్లున్నప్పుడు కొలవవలెను. పిన్ను తలలోని స్ప్రింగు నొక్కుకొనిన తరువాత కొలిచినచో లెక్క తప్పును.

స్లైడును దింపునప్పుడు దాని కోత గాలి ఫిల్టరు వైపునకు ఉండవలెను. స్లైడు ప్రక్క గాడి బాడీలోని మేకుపై కూర్చుండవలెను. పిమ్మట ఎక్సిలేటరు త్రిప్పి వదలినచో స్లైడు టక్కున అడుగుకు పడవలెను. హ్యాండిలును కుడివైపునకు, ఎడమవైపునకు పూర్తిగా త్రిప్పియు ఇట్లే చూడవలెను. ఈ పరీక్ష చేయక కిక్కు కొట్టరాదు. స్లైడు పైన చిక్కుకొనిన బండి స్టార్టు కాగానే హోరెత్తి మనిషిని ఈడ్చుకొనిపోగలదు. చివరకు ట్యాపు తెరచి, రెండు నిమిషములు ఆగి, పెట్రోలు ఎచ్చటను కారుటలేదని నిశ్చయించుకొనవలెను.

స్లో సరిచేయుట

చల్లని ఇంజనుపై చేసిన సవరణ నిలువదు. బండిని పది నిమిషములు నడిపి, చోకు పూర్తిగా తీసివేసి, స్లైడును ఆపు స్క్రూతో స్లోను కొంచెము పెంచవలెను. ఇప్పుడు గాలి స్క్రూను పావు చుట్టు చొప్పున లోనికి త్రిప్పుచు, ఇంజను తడబడు స్థానమును గుర్తింపవలెను. తరువాత బయటికి త్రిప్పుచు మరల తడబడు స్థానమును గుర్తింపవలెను. ఈ రెంటి నడుమ ఇంజను అత్యధిక వేగముతో, నిలుకడగ తిరుగు స్థానమున స్క్రూను నిలిపి, ఆపు స్క్రూతో స్లోను తగ్గింపవలెను. ఒకటి రెండుసార్లు ఇట్లు చేసినచో చక్కగా కుదురును.

స్క్రూ గాలి ఫిల్టరు వైపున ఉన్నచో అది గాలిని నడపును. లోనికి త్రిప్పగా మిశ్రమము చిక్కబడును. ఇంజను వైపున ఉన్నచో సాధారణముగ అది పెట్రోలు మిశ్రమమును నడపును. లోనికి త్రిప్పగా పలుచబడును. ఈ భేదము తెలియక పలువురు వ్యతిరేకముగ త్రిప్పుచుందురు.

గాలి స్క్రూ అరచుట్టుకంటె తక్కువలోనే కుదిరినచో పైలట్ జెట్టు చిన్నదైనది, లేదా ఇంకను మూసికొనియున్నది. మూడు చుట్లు దాటినను కుదరనిచో జెట్టు పెద్దదైనది.

తక్కిన పరిధులు

ఎక్సిలేటరు పిడిపైన, దాని ప్రక్క బిగింపుపైన తెల్లని టేపు అంటించి, మూత, పావు, సగము, ముప్పావు, పూర్తి అని గీతలు గీయవలెను. ఖాళీ రోడ్డుపై, శిరస్త్రాణము ధరించి, ఒక్కొక్క గీత వద్ద కొంతదూరము నడపవలెను. ఏ గీత వద్ద బండి కుదుపునో ఆ గీతకు సంబంధించిన భాగమునే పట్టుకొనవలెను.

అచ్చట మిశ్రమము చిక్కనా, పలుచనా? చోకు కొద్దిగ వేసినప్పుడు బాగుపడినచో పలుచన. మరింత చెడినచో చిక్కన. ఎక్సిలేటరు వదలినను ఇంజను వేగము వెంటనే దిగక నిలిచిపోవుట, కార్బ్యురేటరు గొంతులో తుమ్మినట్లు శబ్దమగుట పలుచనకు గుర్తులు. ఇంజను వేడెక్కినకొలది బరువుగ నడచుట, సైలెన్సరు మసిబారుట చిక్కనకు గుర్తులు. పూర్తిగ తెరచియున్న ఎక్సిలేటరును కొద్దిగ వెనుకకు త్రిప్పగా బండి మరింత చురుకుగ లాగినచో మెయిన్ జెట్టు చిన్నదని శంకింపవలెను. ప్లగ్గు లేత గోధుమరంగులో నుండుట మంచిది. తెల్లబడుట పలుచనకు, నల్లని మసి చిక్కనకు సూచన. 2000లో సీసము కలిపిన పెట్రోలు మన దేశమున నిలిచిపోయినది. అప్పటినుండి ప్లగ్గు రంగు పూర్వముకంటె లేతగా నుండును. కాన రంగునొక్కదానినే నమ్మరాదు.

ఒక్కసారికి ఒక్కదానినే మార్చవలెను; మార్చినది వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో బాగుపడినను కారణము తెలియదు, చెడినను తెలియదు.

పెట్రోలులో వచ్చిన మార్పు

పాతబండ్లవారు ఇప్పుడు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. మన దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుట 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. ఇథనాలులో ఆక్సిజను ఇదివరకే యున్నది గనుక, కిలో ఇథనాలుకు 9 కిలోల గాలియే చాలును. అందుచే 20 శాతము ఇథనాలు గల పెట్రోలుకు 14.7 బదులు దాదాపు 13.5 కిలోల గాలి సరిపోవును. ఇంజెక్షను గల బండి చాలవరకు ఈ తేడాను తానే గుర్తించి సర్దుకొనును. కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. పాత జెట్టులతో దానికి మిశ్రమము పలుచబడును. పాత ఇంజను ఇదివరకటికంటె వేడెక్కుచున్నచో, తుమ్ముచున్నచో ఈ విషయము కూడ తలచవలెను. క్లిప్పును ఒక గాడి దింపి చూచుట మొదటి మెట్టు. ఇథనాలు నీటిని పీల్చుకొనును. పాత రబ్బరును పాడుచేయును. కాన బండిని నెలలతరబడి నిలుపదలచినవారు గిన్నెలోని పెట్రోలును దింపివేయుట మంచిది.

కొండప్రదేశములలో గాలి పలుచన. 3,500 మీటర్ల ఎత్తుననున్న లేహ్ పట్టణమున గాలి సాంద్రత సముద్రమట్టమునకంటె దాదాపు మూడవ వంతు తక్కువ. అచ్చట అవే జెట్టులు మిశ్రమమును చిక్కన చేయును. ఆ బండి చెడలేదు, గాలి మారినది.

ఇంతకు షాపులోని కుర్రవాడు చేయవలసినదేమి? స్క్రూ ముట్టుకొనకముందు, "ఎక్సిలేటరు ఎంత తిప్పినప్పుడు ఇబ్బంది పెడుతోందండీ?" అని యజమానిని అడుగవలెను. స్క్రూ చుట్లు లెక్కించి వ్రాసికొనవలెను. తీగను అవతల పారవేయవలెను. ఈ మూడింటికి ఖర్చు లేదు. ఇవి అలవడినచో, మరునాడు ఆ బండి షాపునకు తిరిగి రాదు. యజమాని మాత్రము తన స్నేహితుని బండిని వెంటబెట్టుకొని వచ్చును.